పిలక, దుబ్బు, మడి, ఆయకట్టు: సుడిదోమను ఏ మెట్టు మీద నిలబడి లెక్కపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బీపీటీ 5204 అనే సన్న వరి రకం నాటి 60 రోజులైంది. దుబ్బుకు సగటున 12 సుడిదోమలు (వరి మొదళ్లలో రసం పీల్చే గోధుమ రంగు చిన్న పురుగులు) కనిపిస్తున్నాయి. చుట్టుపక్కల వాళ్లు మందు కొట్టేశారు. ఒకాయన ‘పొలమంతా కలిసి ఒకే ప్రాణి, దాని సంగతి అదే చూసుకుంటుంది, ముట్టుకోవద్దు’ అన్నారు. మందుల కొట్టులో ‘ఒక్క పురుగు కనబడ్డా ఆగకూడదు’ అన్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినొద్దు. మొదటాయన పొలాన్ని మొక్కలా చూస్తున్నారు. రెండో ఆయన పొలాన్ని విడివిడి దుబ్బుల లెక్కగా చూస్తున్నారు. పొలం రెండూ కాదు. అది ఎందుకు కాదో తెలిస్తే, మందు కొట్టాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు. అందుకే కాస్త కింద నుంచి మొదలుపెడతాను.

వరిపొలంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన మెట్లున్నాయి. పిలకలు కలిస్తే దుబ్బు, దుబ్బులు కలిస్తే మడి, మడులు కలిస్తే ఆయకట్టు. ఇటు పురుగు వైపు చూస్తే దోమ లోపల ఇంకా చిన్న ప్రాణులున్నాయి, దోమల గుంపు ఉంది, ఆ గుంపును తినే సాలీళ్లు, నల్లులు ఉన్నాయి. ప్రతి మెట్టూ తన కింద దానికి మొత్తం, తన పైదానికి భాగం. ఇంతవరకు అందరూ చెప్పేదే. చాలామంది వదిలేసే సంగతి ఇంకొకటుంది: ఈ మెట్లను కలిపి ఉంచే ముడి అన్నిచోట్లా ఒకటి కాదు. దుబ్బు ఉమ్మడి కాపురం, మడి సంత. కాపురంలో ఒకరి కోసం ఒకరు తగ్గుతారు, సంతలో ఎవరి బేరం వాళ్లది.

దుబ్బులో ఏం జరుగుతుందో చూడండి. వరి కాండం మీద ప్రతి కణుపు దగ్గరా ఒక ఆకు, ఆ ఆకు చంకలో ఒక పిలక మొగ్గ ఉంటాయి. ఒక ఆకు చంకలోని పిలక, దాని పైన మూడో ఆకు బయటికి వచ్చే వేళకు తొంగిచూస్తుంది. మూడు ఆకులు వచ్చి సొంత వేళ్లు దిగేవరకు ఆ పిలకను తల్లి కాండమే పోషిస్తుంది. ఆ తర్వాత అది తన తిండి తాను చేసుకుంటుంది. అంటే పిలక దాదాపు ఒక పూర్తి మొక్క. అయినా అంకురం దశ (పిలక లోపల వెన్ను రూపు కట్టడం మొదలయ్యే దశ) వచ్చేసరికి లెక్క మారుతుంది. అప్పటికి మూడు ఆకులు కూడా లేని ఆలస్యపు పిలకలు చాలావరకు ఎండిపోతాయి. పిండిపదార్థం, నత్రజని వెన్ను వేయబోయే పిలకలకు మళ్లుతాయి. పిలకలన్నీ ఒకే గింజ నుంచి పుట్టినవి కాబట్టి, ఏ పిలకకు గింజ పట్టినా విత్తనం ఒకటే. అందుకే అక్కడ త్యాగం కుదురుతుంది. (దుబ్బుకు రెండు మూడు మొక్కలు నాటితే అక్కడ రెండు మూడు కాపురాలున్నట్టు లెక్క. వాటి మధ్య వెలుతురు కోసం, నత్రజని కోసం పోటీ ఉంటుంది.)

దీని వల్ల రైతుకు రెండు సంగతులు తెలుస్తాయి. నాటు లోతుగా పడితే కింది కణుపుల మొగ్గలు మట్టిలో కూరుకుపోతాయి. ముందుగా వచ్చి గట్టిపడాల్సిన పిలకలే రావు. వచ్చేవి ఆలస్యపు పిలకలు, వాటిలో చాలా వెన్ను వేయవు. రెండు మూడు సెంటీమీటర్ల లోతులో పైపైన నాటమనేది ఇందుకే. రెండోది, తొలి రోజుల్లో కాండం తొలిచే పురుగు ఒక మొవ్వును చంపినా, ఆకుముడత పురుగు కొన్ని ఆకులను గీకినా, దుబ్బు పక్క పిలకతో ఆ లోటు పూడ్చుకుంటుంది. వియత్నాం మెకాంగ్ డెల్టాలోని లాంగ్ ఆన్ ప్రాంతంలో 1994 నుంచి రైతులకు చెప్పిన మాట ఇదే: విత్తిన మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టొద్దు. అక్కడ పిచికారీలు బాగా తగ్గాయి. పిలక దశలో మందు కొట్టడానికి చచ్చిన మొవ్వుల హద్దు నూటికి 5 అని మన దగ్గర పెట్టుకున్నదీ ఈ పూడ్చుకునే శక్తిని నమ్మే. అదే కాండం తొలిచే పురుగు ఈనే దశలో వస్తే గింజ లేని తెల్లకంకే. అప్పుడు కొత్త పిలక వేసే వేళ దాటిపోయింది. భాగం పోతే మొత్తం పూడ్చుకోగలదా లేదా అన్నది ఎంత పోయిందన్న దానికంటే ఎప్పుడు పోయిందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది.

మీ పొలం సంగతికొస్తే, నారు వయసు 25 రోజులు అనుకుంటే విత్తి 85 రోజులైంది. 150 రోజుల రకం కాబట్టి అంకురం దశ గుమ్మంలో ఉంది. పూడ్చుకునే శక్తి ఇక్కడ నుంచి తగ్గుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు దోమ లోపలికి వెళ్దాం. సుడిదోమ తాగేది వరి మొదట్లోని పోషక నాళాల రసం. అందులో చక్కెర దండిగా, అమైనో ఆమ్లాలు బహు తక్కువ. ఆ తిండితో ఏ పురుగూ సరిగ్గా ఎదగలేదు. సుడిదోమ ఎదుగుతోందంటే దాని కొవ్వు కణజాలంలో ఉండే ఈస్టు లాంటి సూక్ష్మజీవుల చలవే. అవి దోమకు కావాల్సిన అమైనో ఆమ్లాలు, స్టెరాల్స్ తయారుచేసి ఇస్తాయి. తల్లి నుంచి గుడ్డులోకి వెళ్తాయి కాబట్టి ప్రతి పిల్ల పురుగూ వాటితోనే పుడుతుంది. 35 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచితే ఈ సూక్ష్మజీవులు బాగా తగ్గిపోయి, పిల్ల పురుగులు సరిగా ఎదగలేవని ప్రయోగశాలల్లో తేలింది.

ఇది విని ‘ఎండకు అవే పోతాయిలే’ అనుకోకండి. దోమ ఉండేది ఆకుల గుబురు కింద, నీటి మట్టానికి కాస్త పైన. పైన ఎండ మండుతున్నా అక్కడ చల్లగా, తేమగా ఉంటుంది. ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట, తూర్పు పడమరలుగా తీయమనేది ఆ చల్లదనాన్ని చెడగొట్టడానికే. వెలుతురు, గాలి మొదళ్లకు చేరతాయి, మందు కొట్టాల్సి వస్తే గొట్టం మొదటికి అందుతుంది కూడా. నాట్లప్పుడే వదలని వాళ్లు ఇప్పుడు కనీసం దుబ్బులను చేతులతో ఇటూ అటూ పాయలు తీసి దారి చేయవచ్చు.

ఎరువు కూడా ఈ అడుగు మెట్టు నుంచే పని చేస్తుంది. యూరియా ఎక్కువ పడితే నాళాల రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. ఆడదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది, పిల్లలు ఎక్కువ బతుకుతాయి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. ఆ బస్తా ఎకరమంతా సమంగా పడదు. గట్టు పక్కన, బస్తా విప్పిన చోట, నీరు లోపలికి వచ్చే మూలలో ముదురు పచ్చగా కనిపించే తావులుంటాయి. సుడి, అంటే దోమ పీల్చడంతో పైరు గుండ్రంగా ఎండిపోయే మచ్చ, మొదట అక్కడే పడుతుంది. లెక్కకు దిగినప్పుడు అలాంటి తావును విడిగా చూడాలి.

మడి దగ్గరికి వద్దాం. అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

సుడిదోమ ఆడది ఆకు తొడుగులో గాటుపెట్టి గుడ్లు వరుసగా దించుతుంది. 7 నుంచి 9 రోజుల్లో పిల్లలు వస్తాయి. రెండు వారాలలో అయిదు సార్లు కుబుసం విడిచి రెక్కల పురుగులవుతాయి. మొత్తం ఒక తరం 25 నుంచి 30 రోజులు. గుడ్ల దగ్గర దాన్ని కాచుకుని ఉండేది పచ్చటి మిరిడ్ నల్లి. రోజుకు 7 నుంచి 10 గుడ్లు పీల్చేస్తుంది. గుడ్ల లోపలే తన గుడ్డు పెట్టే అనాగ్రస్ అనే అతి చిన్న కందిరీగ ఉంది. నీటి మీద పరుగెత్తే తోడేలు సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగులను పట్టగలదు. ఈ లెక్కలు చూస్తే దుబ్బుకు ఒక సాలీడు ఉంటే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది.

దోమలు రాకముందు ఈ సాలీళ్లు ఏం తిని బతికాయి? జావాలో 1990లలో చేసిన పరిశోధన దీనికి చక్కటి జవాబు ఇచ్చింది. దమ్ము చేసిన బురదలో కుళ్లే ఆకు అలము మీద, నీటిలోని నాచు మీద బతికే చిన్న ఈగలు, స్ప్రింగ్‌టెయిల్స్ అనే గెంతే చిట్టి జీవులు మొదటి నెలలో విపరీతంగా పుడతాయి. అవి వరికి ఏ హానీ చేయవు. సాలీళ్లు వాటిని తిని సంఖ్య పెంచుకుంటాయి. దోమ వచ్చేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది. అంటే మీ మడిలో దోమల సంఖ్యను నిర్ణయించేది రెండు నెలల కిందటి బురద కూడా. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ ఎకరాకు 10, 12 కిలోలు చల్లి పూత దశలో కలియదున్నితే నేలకు నత్రజని చేరడమే కాదు, ఈ చిన్న ఈగలకు తిండి దొరికి సాలీళ్లకు తొలి కూడు కూడా సిద్ధమవుతుంది.

ఇక్కడే మొదటాయన మాట తప్పు. మడి తనను తాను ‘చూసుకోదు’. దుబ్బు ఆలస్యపు పిలకను వదిలేసినట్టు, మడి దోమలను వదిలించుకోదు. సాలీడు వరి కోసం దోమను తినడం లేదు, తన ఆకలికి తింటోంది. ఆకలి, తిండి, వేళ కుదిరితే కట్టడి ఉంటుంది. కుదరకపోతే సుడులు సుడులుగా ఎండిపోతుంది, ఆపే వాళ్లుండరు. మొక్కలో భాగాలను సర్దే పని మొక్కదే. మడిలో ఆ పని చేసేవాడు రైతు. ‘ప్రకృతే సమతూకం చేస్తుంది’ అని చేతులు కట్టుకున్న వాళ్లు నష్టపోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే వాళ్ల ఉద్దేశం మంచిదే.

రెండో ఆయన మాట ఇంకా ప్రమాదం. తొందరపడి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్లు, లేదా అవి కలిసిన జంట మందులు కొడితే ఏమవుతుంది? మందు పైఆకుల మీద పడుతుంది. మిరిడ్లు, సాలీళ్లు చస్తాయి. దోమల్లో కొన్నే చస్తాయి. ఆకు తొడుగులోని గుడ్లకు ఏమీ కాదు. వారం తర్వాత అవి పగిలేసరికి తినేవాళ్లు లేరు. పైగా కొన్ని మందులు కొద్ది మోతాదులో తగిలిన ఆడదోమలు మామూలు కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. మూడు వారాలకు మందు కొట్టని మడి కంటే కొట్టిన మడిలోనే దోమ ఎక్కువ. ఇండొనేషియాలో ఈ దెబ్బ దేశం మొత్తానికి తగిలింది. 1986లో అధ్యక్షుడి ఆదేశంతో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించారు. ఆకుముడతకని 30, 40 రోజుల పైరు మీద కొట్టే జంట మందే 70 రోజులప్పుడు సుడిదోమను పిలుస్తుంది. రెంటికీ సంబంధం ఉందని కొట్టినవాళ్లు గమనించరు, ఎందుకంటే మధ్యలో దోమకు ఒక తరం గడిచిపోయింది.

నాటిన 15, 20 రోజులకు అలవాటుగా మడంతా పురుగుమందు గుళికలు చల్లడం కూడా ఇలాంటిదే. ఉల్లికోడు (పిలకను ఉల్లికాడలాంటి గొట్టంగా మార్చే పురుగు) ఏటా వచ్చే ఊళ్లలో, కాండం తొలిచే పురుగు బెడద ఉన్న చోట రక్షణ కావాల్సిందే, కాదనను. కానీ ఆ రక్షణ నారుమడిలో ఇవ్వచ్చు. నారు పీకడానికి 5 నుంచి 7 రోజుల ముందు సెంటుకు 160 గ్రాముల కార్బోఫ్యూరాన్ 3 సీజీ గుళికలు పలచటి నీటిలో వేస్తే, ఎకరాకు సరిపడే అయిదు సెంట్ల నారుమడిలోనే పని అయిపోతుంది. ఎకరం బురదను, అందులోని సాలీళ్ల తిండిని ముట్టుకోనక్కర్లేదు. పని జరిగే అతి చిన్న మెట్టు మీద పని చేయడం అంటే ఇదే.

ఇక లెక్క ఎలా పెట్టాలి. ఉదయం, మడికి అడ్డంగా ఒక మూల నుంచి ఎదుటి మూలకు నడుస్తూ 20 దుబ్బులు చూడండి. గట్టు పక్క రెండు వరుసలు వదిలేయండి. దుబ్బును ఒక పక్కకు వంచి, మొదలు మీద అరచేత్తో రెండు మూడు సార్లు తట్టండి. నీళ్లున్న మడిలో దోమలు నీటి మీద పడి కనిపిస్తాయి. నీళ్లు లేకపోతే తెల్ల పళ్లెం పెట్టండి. ప్రతి దుబ్బుకూ నాలుగు అంకెలు రాయండి: దోమలు, పిలకలు, సాలీళ్లు, మిరిడ్లు. మిరిడ్‌ను దోమ అని లెక్కపెట్టేయడం చాలా మామూలు తప్పు. దోమ గోధుమ రంగులో, బొద్దుగా, తట్టగానే పక్కకు గెంతుతుంది లేదా అడ్డంగా జరుగుతుంది. మిరిడ్ పచ్చగా, తల, భుజాలు నల్లగా, సన్నగా, కంగారుగా పరుగెడుతుంది. ఇరవైలో అయిదు దుబ్బుల నుంచి ఒక్కో పిలక కోసి, ఆకు తొడుగును గోటితో నిలువునా చీల్చండి. గోధుమ రంగు సన్నటి గీతల్లాంటి మచ్చలుంటే అవి గుడ్లు పెట్టిన గాట్లు. భూతద్దంతో చూస్తే అరటిపండు వంపుతో గుడ్లు కనిపిస్తాయి.

సిఫారసుల్లో ఉన్న హద్దు దుబ్బు చేసే దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం హద్దు నాకు ఇంకా నచ్చుతుంది: సాలీళ్లు లేకపోతే పిలకకు 1 దోమ, దుబ్బుకు ఒక సాలీడు ఉంటే పిలకకు 2 దోమలు. ఆ ఒక్క వాక్యంలో హద్దు దోమలో లేదని, దోమకూ సాలీడుకూ మధ్య ఉందని ఒప్పుకున్నారు.

మీ 12ను ఇప్పుడు పరీక్షిద్దాం. ఈ సగటు మూడు రకాలుగా రావచ్చు. మొదటి రకం: ఇరవై దుబ్బులకు 240 దోమలు, దుబ్బుకు 15 పిలకలు, అంటే పిలకకు 0.8. ఇరవై దుబ్బుల్లో 22 సాలీళ్లు, మిరిడ్లు కూడా తిరుగుతున్నాయి. అలాంటి మడికి మందు అక్కర్లేదు, నాలుగు రోజుల తర్వాత మళ్లీ లెక్కపెట్టాలి. రెండో రకం: అదే 240 దోమలు, సాలీళ్లు ఇరవైలో ఒకటో రెండో, చీల్చిన ప్రతి తొడుగులో గాట్లు. అప్పుడు వారంలో దోమ ఎన్ని రెట్లవుతుందో మీరే ఊహించుకోండి, మందు సిద్ధం చేసుకోవాలి. మూడో రకం ఉంది, ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే: 18 దుబ్బుల్లో రెండేసి దోమలు, రెండు దుబ్బుల్లో వందేసి. మొత్తం 236, సగటు 11.8. సగటు అదే, పొలం వేరు. ఇది మడి జబ్బు కాదు, ఒక సుడి పుట్టుక. ఆ తావు, దాని చుట్టూ రెండు మూడు మీటర్ల వలయం వరకే మందు కొట్టి, మిగతా మడిలోని కాపలాను ముట్టుకోకుండా వదిలేయాలి. సగటు చూసి ఎకరమంతా కొడితే ఆ 18 దుబ్బుల సాలీళ్లను చంపినట్టే.

సుడి ఒక తావులో ఎందుకు పుడుతుంది? దోమల్లో పొట్టి రెక్కలవి, పొడుగు రెక్కలవి అని రెండు రకాల రూపాలుంటాయి. లేత పైరు, తక్కువ గుంపు ఉంటే పొట్టి రెక్కల ఆడవి ఎక్కువగా వస్తాయి. ఎగరలేవు, కానీ త్వరగా, ఎక్కువగా గుడ్లు పెడతాయి. పిల్లలు పక్క దుబ్బులకు పాకుతాయి, అందుకే గుండ్రటి మచ్చ. గుంపు కిక్కిరిసినా పైరు ముదిరినా పొడుగు రెక్కలవి వస్తాయి, ఎగిరిపోతాయి. ఏ రెక్క రావాలన్నది పిల్ల పురుగులోని రెండు ఇన్సులిన్ గ్రాహకాల తీరును బట్టి ఉంటుందని 2015లో తేలింది. మడిలో ఎంత గుంపుగా ఉన్నాయన్న సంగతి పురుగు ఒంట్లో రెక్కగా మారుతుందన్నమాట. పైమెట్టు కిందిమెట్టును మలచడం ఇంత స్పష్టంగా కనిపించే చోటు పొలంలో మరొకటి లేదు. మీరు చూడాల్సింది: పొట్ట ఉబ్బిన పొట్టి రెక్కల ఆడవి ఎక్కువుంటే వచ్చే తరం మీ మడిలోనే. కోతకు దగ్గరలో పొడుగు రెక్కలవి నిండి ఉంటే వచ్చే తరం పక్క ఆయకట్టులో.

దీపపు ఎరలో పడేవి పొడుగు రెక్కలవే, పొట్టి రెక్కలవి ఎగరవు కదా. కాబట్టి ఎరలో దోమ ఎక్కువ పడిందంటే ఆయకట్టులో కదలిక ఉందని అర్థం, మీ మడిలో మందు కొట్టమని కాదు. ఎరలో ఏమీ పడలేదంటే మీ మడి క్షేమమనీ కాదు. ఎర చెప్పేది ఆయకట్టు సంగతి, దుబ్బు తట్టితే తెలిసేది మడి సంగతి. ఒకదాని లెక్కతో ఇంకోదాన్ని నిర్ణయించకూడదు.

ఆయకట్టు మాట వచ్చింది కాబట్టి: సుడిదోమ వరి జాతి మొక్కల మీద తప్ప మరోదాని మీద తరాలు గడపలేదు. దాని బలహీనత అదే, అది ఆయకట్టు మెట్టు మీదే చేతికి అందుతుంది. ఒక కాలువ కింద నాట్లన్నీ రెండు మూడు వారాల్లో పడితే, కోతలు కూడా కలిసి అయిపోయి, దోమకు తిండి లేని ఖాళీ వస్తుంది. నెలన్నర పాటు ఎడాపెడా నాటితే ముందు మడి ముదిరేసరికి ఎగిరిన దోమకు పక్కనే లేత మడి దొరుకుతుంది. కాలువ చివరి రైతులకు నీరు ఆలస్యంగా అందుతుంది, నాటు ఆలస్యమవుతుంది, ఎగువ పొలాల దోమంతా వాళ్ల నెత్తిన పడుతుంది. అది వాళ్ల సేద్యంలోని లోపం కాదు, నీటి విడుదలలోని లోపం. ఎంత మందు కొట్టినా ఆ మడిలో అది తీరదు. సార్వా (వానాకాలం వరి) వెనకే దాళ్వా (రెండో పంట వరి) వేసే చోట కోసిన మోళ్లకు వచ్చిన పిలకలు కూడా దోమకు వంతెనే, వెంటనే దున్నేయాలి. వరి తర్వాత మినుము, పెసర వేసిన చోట ఆ వంతెన తెగుతుంది.

రకాల సంగతి కూడా ఆయకట్టు, ఏళ్ల మెట్టు మీదే చూడాలి. 1973లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 26ను దోమను తట్టుకునే రకంగా విడుదల చేసింది. ఒకే నిరోధక జన్యువు, విస్తారంగా సాగు. కొద్ది ఏళ్లలోనే దాన్ని తినగలిగే దోమలు పైచేయి సాధించాయి. మన వైపు దోమలు ఆ జన్యువును మొదటి నుంచీ పట్టించుకోలేదు. బీపీటీ 5204కు తట్టుకునే గుణం లేదు, ఎంటీయూ 1010, ఎంటీయూ 1064 లాంటి వాటికి కొంత ఉంది. సన్నం ధర కోసం మీరు బీపీటీ వేశారు, అది సరైన లెక్కే. అయితే వేసినప్పుడే కాలిబాటలు, నత్రజని విషయంలో మిగతా వాళ్లకంటే గట్టిగా ఉండాలి.

ఇక ఈ వారం చేయాల్సింది. మూడో దఫా యూరియా ఇంకా వేయకపోతే లెక్క తేలేదాకా ఆపండి, తేలాక మోతాదు మించకుండా వేయండి. నీరు తీసి మూడు నాలుగు రోజులు బురద గట్టిపడేదాకా ఆరబెట్టండి. నెర్రెలు విచ్చేదాకా పోవద్దు, పొట్ట దశ మొదలయ్యాక ఇది చేయొద్దు, గింజ తగ్గుతుంది. పక్కవాళ్లు ఏ మందు కొట్టారో అడగండి. పైరిథ్రాయిడ్ అయితే మీ గట్టు వైపు దుబ్బులను రోజు విడిచి రోజు చూడాలి, అక్కడ కాపలా పలచబడి ఉంటుంది.

మందు తప్పనిసరి అయితే పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ లీటరుకు 0.6 గ్రా., లేదా ట్రైఫ్లుమెజోపైరిమ్ 10 ఎస్‌సీ 0.48 మి.లీ. పిల్ల పురుగులే ఎక్కువుంటే బుప్రోఫెజిన్ 25 ఎస్‌సీ 1.6 మి.లీ. ఎకరాకు 200 లీటర్ల నీరు, గొట్టం మొదళ్ల వైపు, మడిలో నీరు తీసేశాకే. కొట్టే ముందు డబ్బా మీది మోతాదుతో సరిచూసుకోండి. డ్రోన్‌తో ఎకరాకు 8, 10 లీటర్లు పైనుంచి చల్లితే గుబురు దాటి మొదటికి చేరేది తక్కువ. బుప్రోఫెజిన్ కుబుసం విడవనివ్వక చంపుతుంది, పెద్ద పురుగులు చావవు, ఫలితం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. మర్నాడు దోమ బతికే ఉందని మళ్లీ ఇంకో మందు కొట్టేవాళ్లు చాలామంది. అలా చేయొద్దు. ఇమిడాక్లోప్రిడ్‌ను తట్టుకునే దోమలు ఇప్పుడు విస్తారంగా ఉన్నాయి, దాని మీద డబ్బు పెట్టొద్దు. రెండోసారి కొట్టాల్సి వస్తే వేరే తీరుగా పనిచేసే మందుకు మారండి.

వచ్చే పంటకు గట్ల మీద నువ్వులో, అలసందో వేయండి. నువ్వు పూల తేనె అనాగ్రస్ లాంటి కందిరీగలకు ఆహారం. గడ్డి మాత్రం కోసేయాలి, పాముపొడ తెగులు అక్కడి నుంచే మడిలోకి దిగుతుంది.

ఇరవై దుబ్బుల నాలుగు అంకెలు, తొడుగులు చీలిస్తే గాట్లు కనబడ్డాయో లేదో, పొట్టి రెక్కలవి ఎక్కువా పొడుగు రెక్కలవా, ఇంతవరకు ఏ మందు ఏ తేదీన కొట్టారో రాయండి. దాన్ని బట్టి మడంతా కొట్టాలా, తావు వరకేనా, ఆగాలా అన్నది చెప్తాను.